లిఫాఫా యంత్రం : ఒక చిన్న మడతలోని పెద్ద చరిత్ర

మానవ నాగరికతా పరిణామాన్ని గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఆవిరి యంత్రాన్ని, అచ్చు యంత్రాన్ని, విద్యుద్దీపాన్ని పేర్కొంటాము. ఇవి మహత్తరమైనవే, సందేహం లేదు. అయితే నిత్యం మన చేతిలో ఉండి మన దృష్టిని తప్పించుకునే కొన్ని అల్పవస్తువులు కూడా ఉన్నాయి. వాటి వెనుక ఉన్న బుద్ధి ఏ మహాయంత్రం వెనుక ఉన్న బుద్ధికీ తీసిపోదు. అటువంటి వస్తువులలో కాగితపు కవరు ఒకటి. ఒక కాగితం ముక్క, నాలుగు మడతలు, మూడు అతుకులు: కవరు అంటే ఇంతే. కాని ఈ నాలుగు మడతలను మనిషి చేయి వేసినట్లుగా ఇనుము చేత వేయించడానికి ఎందరో శిల్పులు సంవత్సరాల తరబడి తలలు బద్దలు కొట్టుకున్నారు. ఆ కథను విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు చెప్పే అధ్యాపకునికి యంత్రాలతో ఏమి పని అని కొందరు ప్రశ్నించవచ్చు. భాషకూ యంత్రానికీ ఉన్న చుట్టరికం ఎంతటిదో ఈ వ్యాసంలో మూడవ భాగానికి చేరేసరికి పాఠకులకే తెలుస్తుంది.

1. పేరులోనే ఉన్న చరిత్ర

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు పక్కపక్కన కూర్చుని చదువుకుంటాయి. కనుక మొదట మాటల సంగతి చూద్దాము. తెలుగువారు కవరు అంటారు. ఇది ఆంగ్లం నుండి వచ్చినది. ఉర్దూలో లిఫాఫా అంటారు; ఇది అరబ్బీ పదం. చుట్టడం, కప్పడం అనే అర్థమున్న ధాతువు నుండి పుట్టింది. మృతదేహానికి తొడిగే కఫన్‌లో అన్నింటికన్నా పైన చుట్టే వస్త్రానికి కూడా లిఫాఫా అనే పేరు. లోపలి దానిని పరుల కంటి నుండి కాపాడేది, దాని గౌరవాన్ని నిలిపేది అనే భావం ఆ మాటలోనే ఉంది. ఇక కాగితం అనే మన తెలుగు మాట కాగజ్ నుండి వచ్చిందనీ, జాబు అనే మాట జవాబ్ నుండి వచ్చిందనీ విద్యార్థులు గుర్తుంచుకోవాలి. రాసేది కాగితం, రాసినది జాబు, దాచేది లిఫాఫా. ఈ మూడు మాటలు పల్లెపట్టున ఏ మతం వారి నోట విన్నా ఒక్కలాగే ఉంటాయి.

దక్కన్ ప్రాంతానికి కాగితంతో ఉన్న బంధం పాతది. దౌలతాబాదు కోట దగ్గరి కాగజీపురా గ్రామం చేతితో కాగితం తయారు చేసే కాగజీల పేరు మీదనే వెలసింది. ఆ గ్రామం ఉన్న ఔరంగాబాదు జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. ఆ రోజులలో రాజులు, నవాబులు తమ లేఖలను కాగితపు కవరులో పెట్టేవారు కారు. జరీ పనితనం గల కింఖాబు సంచిలో పెట్టి, మూతికి దారం కట్టి, లక్కముద్ర వేసి పంపేవారు. ఆ సంచిని ఖరీతా అనేవారు. సామాన్యుని ఉత్తరానికి అటువంటి భోగం లేదు. ఉత్తరాన్నే చిన్నగా మడిచి, అంచులు అతికి, దాని వీపు మీదనే చిరునామా రాసేవారు.

2. చట్టం మారింది, కవరు పుట్టింది

యంత్రం కథ ఇంగ్లాండులో ఆరంభమవుతుంది. అయితే అది కర్మాగారంలో కాదు, తపాలా కార్యాలయంలో ఆరంభమవుతుంది. ఇది గమనార్హమైన విషయం.

1840కి పూర్వం ఇంగ్లాండులో ఉత్తరానికి సుంకం రెండు లెక్కల మీద కట్టేవారు. ఒకటి, ఉత్తరం ఎంత దూరం పోవాలి? రెండు, అందులో ఎన్ని కాగితాలు ఉన్నాయి? పైగా ఆ సుంకాన్ని చాలావరకు ఉత్తరం అందుకున్నవాడే చెల్లించాలి. ఒక కాగితం ఉన్న ఉత్తరానికి ఒక రేటు. దానిని మరొక కాగితంలో చుడితే ఆ చుట్టిన కాగితం కూడా లెక్కలోకి వచ్చి సుంకం రెట్టింపయ్యేది. అంటే కవరు వాడటమనేది డబ్బున్నవారి విలాసం. పేదవాడు కవరు వాడితే, దూరాన ఉన్న తన తల్లి చేత రెండింతల డబ్బు కట్టించినట్లే. ఇటువంటి పరిస్థితిలో కవరులు చేసే యంత్రాన్ని ఎవరైనా కనిపెట్టినా కొనేవారుండరు.

1837లో రోలండ్ హిల్ అనే సంస్కర్త తపాలా సంస్కరణను గురించి ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. ఉత్తరాన్ని మోయడానికి అయ్యే ఖర్చులో దూరం పాత్ర అతి స్వల్పమనీ, లెక్కలు వేయడానికి, ఇల్లిల్లూ తిరిగి డబ్బు వసూలు చేయడానికి అయ్యే శ్రమే అధికమనీ ఆయన లెక్కలతో నిరూపించాడు. కాబట్టి దూరం మాట విడిచిపెట్టి, తూకాన్ని బట్టి, ముందుగానే సుంకం తీసుకోవాలని సూచించాడు. 1840 జనవరి 10వ తేదీ నుండి దేశంలో ఎక్కడికైనా అర ఔన్సు బరువు గల ఉత్తరానికి ఒక్క పెన్నీ మాత్రమే అనే నియమం అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం మే నెలలో ప్రపంచంలోని మొదటి తపాలా బిళ్ళ వెలువడింది.

ఫలితం ఏమిటి? 1839లో సుమారు 7.6 కోట్లుగా ఉన్న ఉత్తరాల సంఖ్య 1840లో సుమారు 16.9 కోట్లకు చేరింది. కాగితాల సంఖ్యతో ఇక పని లేదు కనుక, అర ఔన్సు దాటనంత వరకు కవరుకు వేరే సుంకం లేదు. నిన్నటి వరకు విలాసమైన కవరు ఒక్క రోజులో సామాన్యుని హక్కు అయింది. ఒక చట్టంలోని ఒక వాక్యం మారినందువలన ఒక కొత్త వస్తువుకు లక్షలాది చేతులు చాచబడ్డాయి. అవసరం పుట్టిన తరువాతనే యంత్రం పుట్టిందని విద్యార్థులు గ్రహించాలి. ప్రతిభ విత్తనమైతే సమాజావసరం వాన. వాన లేని చోట విత్తనం మట్టిలోనే మిగిలిపోతుంది.

మన దేశంలోనూ ఇదే న్యాయం జరిగింది. 1854లో వచ్చిన తపాలా చట్టం ప్రకారం పావు తులం బరువు గల ఉత్తరం, దూరంతో నిమిత్తం లేకుండా, అర్ధణాకు చేరేది. ఆ సంవత్సరం అక్టోబరు 1వ తేదీ నుండి దేశమంతటికీ చెల్లే తపాలా బిళ్ళలు అమ్మకానికి వచ్చాయి. నిజాం రాజ్యంలో 1869లో సొంత తపాలా బిళ్ళలు ఆరంభమయ్యాయి. ఆ బిళ్ళల మీద ఉర్దూతో పాటు తెలుగు అక్షరాలకు కూడా స్థానం దొరికింది. 1950 ఏప్రిల్ 1వ తేదీన నిజాం తపాలా భారత తపాలాలో విలీనమయింది.

3. చేతి పని ఎట్లుండేది?

యంత్రాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు చేతిని అర్థం చేసుకోవాలి. చేతితో కవరు చేసే విధానం ఇది. మొదట కాగితాల దొంతరను అచ్చుకత్తితో నొక్కి కవరు ఆకారానికి కత్తిరిస్తారు. ఈ కత్తిరింపు చూడటానికి ఇంచుమించు గాలిపటంలా ఉంటుంది. మధ్యన దీర్ఘచతురస్రం, దాని నాలుగు వైపులా నాలుగు రెక్కలు. పనివారు ఎముకతో గాని కర్రతో గాని చేసిన మడత బద్దను చేతబట్టి, ముందు కుడి ఎడమల రెక్కలను లోపలికి మడుస్తారు. తరువాత కింది రెక్క అంచులకు జిగురు పూసి ఆ రెండింటి మీదకు మడిచి అంటిస్తారు. పై రెక్కను అంటించకుండా వదలిపెడతారు. అది ఉత్తరం రాసినవారి వంతు. ఆరిన కవరులను దొంతరగా పేర్చి, లెక్కపెట్టి, కట్ట కడతారు. పని తెలిసిన మనిషి రోజంతా కూర్చుంటే సుమారు 3,000 కవరులు మడిచేవాడని ఆనాటి లెక్క.

ఇందులో ఎన్ని పనులున్నాయో చూడండి: దొంతర నుండి ఒక కాగితాన్ని తీసి, చోటున పెట్టి, అదిమి, మడిచి, జిగురు పూసి, అంటించి, పక్కన పేర్చడం. మన వ్యాకరణంలో క్త్వార్థకమని ఒకటి కలదు. తీసి, పెట్టి, మడిచి అనే రూపాలు అవే. ఒక పని ముగిసిన తరువాత మరొక పని జరుగుతుందని ఇవి తెలుపుతాయి. వీటిలో ఏ ఒక్కటీ వాక్యాన్ని ముగించదు. చివరన సమాపక క్రియ వచ్చినప్పుడే వాక్యం పూర్తవుతుంది. యంత్రం కూడా ఇటువంటి వాక్యమే. క్త్వార్థకాల వరుస తప్పితే వాక్యం అర్థం చెడినట్లు, పనుల వరుస తప్పితే యంత్రం కాగితాన్ని నలిపి పారవేస్తుంది. జిగురు పూయక ముందే అంటించలేము. మడవక ముందే పేర్చలేము. చేతి పనిని క్త్వార్థకాలుగా విడదీసి, ప్రతి దానికీ ఒక ఇనుప అవయవాన్ని సృష్టించి, అన్నింటినీ ఒకే కాలంతో బంధించడమే యంత్ర నిర్మాణమనే శాస్త్రానికి సారం.

4. హిల్, డె లా ర్యూల యంత్రం

రోలండ్ హిల్ సోదరుడు ఎడ్విన్ హిల్ తపాలా బిళ్ళల తయారీని పర్యవేక్షించే అధికారి. ఆయన కవరు మడిచే యంత్రానికి మొదటి రూపం కల్పించాడు. లండనులో కాగితపు వస్తువులు, పేకముక్కలు తయారు చేసే డె లా ర్యూ కుటుంబానికి చెందిన వారెన్ డె లా ర్యూ దానికి మెరుగులు దిద్దాడు. 1845 మార్చిలో వీరిద్దరి పేరిట పేటెంటు వచ్చింది. 1851లో లండనులోని స్ఫటిక సౌధంలో జరిగిన మహా ప్రదర్శనలో ఈ యంత్రాన్ని నడిపి చూపినప్పుడు జనం గుమిగూడి చూశారు.

ఈ యంత్రం పని తీరును స్థూలంగా ఇట్లా వివరించవచ్చు. కవరు కొలతకు సరిపోయే ఒక చతురస్రపు గూడు మీద బాలుడొకడు కత్తిరించిన కాగితాన్ని ఉంచుతాడు. అదే కొలత గల దిమ్మె ఒకటి పైనుండి దిగి కాగితం నడిమి భాగాన్ని గూటిలోకి నొక్కుతుంది. నడిమి భాగం లోనికి పోగానే నాలుగు రెక్కలూ గోడల వలె నిటారుగా లేచి నిలబడతాయి. మడత గీత దానంతట అదే ఏర్పడుతుంది. దిమ్మె పైకి తొలగగానే నాలుగు పక్కలనుండి నాలుగు పలకలు ఒకదాని వెంట ఒకటి వాలి రెక్కలను లోపలికి పడవేస్తాయి. ఈ లోపల అంటవలసిన అంచులకు జిగురు తగులుతుంది. చివరకు రబ్బరు తొడిగిన వేళ్ళు వచ్చి, మడిచిన కవరును గూటి నుండి పక్కకు లాగి దొంతరలో చేరుస్తాయి.

ఆ వేళ్ళకు రబ్బరు ఎందుకు? నున్నని కాగితం మీద ఇనుము జారిపోతుంది. గట్టిగా అదిమితే కాగితం చిరుగుతుంది. మనిషి వేలి చివర ఉన్న మెత్తదనాన్నీ పట్టునూ కలిపి ఇవ్వగల పదార్థం రబ్బరు. నిర్మాత మొదట మానవ హస్తాన్ని పరిశీలించి తరువాతనే ఇనుమును ముట్టుకున్నాడనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఈ అవయవాలన్నీ ఎవరి సమయానికి వారు ఎట్లా కదులుతారు? దీనికి మూలం కామ్ అనే చక్రం. ఇది పూర్తిగా గుండ్రంగా ఉండదు. ఒక పక్క ఉబ్బి ఉంటుంది. ఇరుసు మీద ఇది తిరుగుతున్నప్పుడు ఉబ్బెత్తు భాగం తగిలిన క్షణంలోనే దానిని ఆనుకుని ఉన్న మీట లేస్తుంది. అది దాటిపోగానే మీట దిగుతుంది. ఒకే ఇరుసుకు అనేక కామ్‌లు బిగించి, వాటి ఉబ్బెత్తులను వేరువేరు దిక్కులకు అమర్చితే, ఇరుసు ఒకసారి తిరిగేలోగా దిమ్మె, పలకలు, జిగురు, వేళ్ళు వరుసగా తమ వంతు పని చేసి ఊరుకుంటాయి. గడియారానికి కాలం ముల్లులలో ఉంటే, ఈ యంత్రానికి కాలం ఈ ఉబ్బెత్తులలో ఉంది.

ప్రదర్శనలో ఈ యంత్రం గంటకు 2,700 కవరులు మడిచేదని చెప్పారు. అంటే నిమిషానికి 45. పది గంటల పనిదినంలో 27,000. చేతితో మడిచే మనిషి రోజుకు 3,000 చేస్తాడనుకుంటే, ఈ యంత్రం తొమ్మిదిమంది పని చేసినట్లు లెక్క తేలుతుంది.

వారెన్ డె లా ర్యూను గురించి మరొక మాట. ఈయన కేవలం వర్తకుడు కాదు. చంద్రుని ఛాయాచిత్రాలు తీసిన తొలితరం ఖగోళ శాస్త్రవేత్తలలో ఒకడు. 1860లో స్పెయిను దేశానికి వెళ్ళి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఛాయాచిత్రాలలో బంధించాడు. కవరు రెక్క మడవడానికీ సూర్యబింబాన్ని పట్టడానికీ ఒకే శ్రద్ధ కావాలి. చిన్న పని, పెద్ద పని అనే భేదం ఆ శ్రద్ధకు లేదు. ఈ డె లా ర్యూ సంస్థే 1855 నుండి మన దేశపు తపాలా బిళ్ళలను లండనులో ముద్రించింది. నాసిక్‌లో భద్రతా ముద్రణాలయం ఏర్పడే వరకు, అంటే 1920 దశకం నడిమి వరకు, ఈ ఏర్పాటు సాగింది.

5. ఒక్క కాగితాన్ని విడదీయుట ఎట్లు?

పైన చెప్పిన యంత్రంలో ఒక లోపం పాఠకులు గమనించే ఉంటారు. కాగితాన్ని అందించడానికి బాలుడొకడు కావాలి. దొంతర నుండి సరిగ్గా ఒకే ఒక కాగితాన్ని తీయడం మనకు సులభం. యంత్రానికి అది బ్రహ్మవిద్య. కాగితాలు ఒకదానికొకటి కరచుకుని ఉంటాయి. రెండు వస్తే పని చెడుతుంది, ఒకటీ రాకపోతే జిగురు యంత్రానికే అంటుకుంటుంది. అదే 1851 ప్రదర్శనలో రేమాన్ అనే ఫ్రెంచి పేరు గల మరొక యంత్రం కూడా కనిపించింది. అందులో గాలిని వాడారు. సన్నని గొట్టంలోని గాలిని లోపలికి పీల్చి పై కాగితాన్ని ఎత్తడం, గాలిని ఊది రెక్కలను వాల్చడం దాని విశేషం. గాలితో కాగితాన్ని ఎత్తే ఈ ఉపాయం ఈనాటికీ అచ్చు యంత్రాలలో, కవరు యంత్రాలలో సజీవంగా ఉంది.

అమెరికాలో 1853లో వూస్టర్ నగరవాసి రసెల్ హాస్ తన యంత్రానికి పేటెంటు పొందాడు. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు. ముగ్గురు బాలికల సహాయంతో పది గంటలలో 25,000 కవరులు ఆ యంత్రం మీద తయారయ్యేవని చెబుతారు. అయినా మూత రెక్కకు జిగురు పూయడం, ఆరబెట్టడం ఇంకా చేతి పనిగానే మిగిలింది. తడి జిగురు గల కవరులను పేర్చితే అవి ఒక ఇటుకలా అతుక్కుపోతాయి. ఆ చిక్కును అదే నగరంలో స్విఫ్ట్ సోదరులు 1870 దశకంలో విప్పారు. జిగురు పూసిన కవరులను పొడవైన గొలుసు మీద మెల్లగా నడిపిస్తూ, దొంతరకు చేరేలోగా ఆరిపోయేట్లు చేశారు. ఇక 1902లో చికాగోకు చెందిన అమెరికస్ కాలహాన్ కిటికీ కవరుకు పేటెంటు పొందాడు. బ్యాంకుల నుండి మనకు వచ్చే కిటికీ కవరు ఆ కోవలోనిదే.

6. పేర్చడంలోని శాస్త్రం

మడవడం కష్టమని అందరూ ఒప్పుకుంటారు. పేర్చడం కూడా కష్టమే అంటే నమ్మరు. ఒక చిన్న లెక్క వేద్దాము. నేటి వేగవంతమైన యంత్రాలు నిమిషానికి వేయికి పైగా కవరులు చేయగలవు. ఒక్కొక్క కవరు 16 సెంటీమీటర్ల పొడవు ఉండి, ఒకదాని వెనుక ఒకటి వస్తుందనుకుంటే, అవి నిమిషానికి 160 మీటర్ల వేగంతో ప్రయాణించాలి. అంత వేగంతో వచ్చిన పలుచని కవరు గోడకు తగిలితే ముడుచుకుపోతుంది, గాలికి ఎగిరిపోతుంది.

అందుకు రెండు ఉపాయాలు కలవు. మొదటిది ఇంటి కప్పు నుండి నేర్చినట్లుంటుంది. పెంకులను ఒకదాని మీద ఒకటి కొంత భాగం కప్పుతూ పరచినట్లు, కవరులను కూడా ఒకదాని మీద ఒకటి పరచుతూ పోతారు. ప్రతి కవరుకూ 2 సెంటీమీటర్లు మాత్రమే బయటకు కనిపించేట్లు పరిస్తే, అదే వేయి కవరులకు నిమిషానికి 20 మీటర్ల వేగం చాలు. వేగం ఎనిమిదవ వంతుకు తగ్గింది. పని మాత్రం తగ్గలేదు. రెండవది గాడుల చక్రం. వంపు తిరిగిన గాడులు గల చక్రం నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. వచ్చిన ప్రతి కవరూ ఒక గాడిలో దూరి, దాని వంపులో వేగాన్ని పోగొట్టుకుని, చక్రం తిరిగి కిందికి దిగేసరికి అంచు మీద నిలబడి వరుసలో చేరుతుంది. నిర్ణీత సంఖ్య పూర్తయినప్పుడల్లా ఒక కవరును కొద్దిగా పక్కకు నెట్టి గుర్తు పెట్టే ఏర్పాటు కూడా ఉంటుంది. కట్ట కట్టేవారికి లెక్కపెట్టే బాధ తప్పుతుంది.

7. ఒక స్త్రీ గెలిచిన వ్యాజ్యం

కవరుకు దగ్గరి బంధువు కాగితపు సంచి. దాని కథలో మన విద్యార్థినులు తప్పక తెలుసుకోవలసిన పేరు మార్గరెట్ నైట్. 1838లో అమెరికాలో జన్మించిన ఈమె చిన్ననాటనే నూలు మిల్లులో కూలికి చేరింది. తరువాత స్ప్రింగ్‌ఫీల్డ్ నగరంలో కాగితపు సంచుల కర్మాగారంలో పనికి కుదిరింది. ఆ రోజులలో యంత్రం చేసే సంచులు కవరు వంటివి, వాటిని నిలబెట్టలేము. అడుగు చదునుగా ఉన్న సంచి కావాలంటే చేతితో చేయవలసిందే. ఆ చేతి మడతలను గమనించి, ఆమె చదునైన అడుగు గల సంచిని మడిచి అంటించే యంత్రాన్ని ఊహించింది. ముందు కొయ్యతో నమూనా చేసి, తరువాత ఇనుముతో చేయించింది. అది తయారవుతున్న చోట దానిని చూసిన చార్లెస్ అన్నాన్ అనే వ్యక్తి తానే కనిపెట్టినట్లు పేటెంటుకు పూనుకున్నాడు. స్త్రీకి ఇంతటి యంత్రజ్ఞానం ఎక్కడిదనే వాదన కూడా ప్రత్యర్థి పక్షం నుండి వచ్చిందని చెబుతారు.

ఆమె కన్నీరు పెట్టుకుని కూర్చోలేదు. తాను గీసిన బొమ్మలను, రాసుకున్న గమనికలను, నమూనాలను, సాక్షులను అధికారుల ముందు నిలబెట్టింది, గెలిచింది. 1871లో పేటెంటు ఆమె పేరనే వచ్చింది. ఇందులో రెండు పాఠాలున్నాయి. బుద్ధికి స్త్రీ పురుష భేదం లేదనేది ఒకటి. చేసిన పనిని కాగితం మీద పెట్టుకున్నవారిదే చివరకు న్యాయమవుతుందనేది రెండవది. తేదీ వేసి నోటుపుస్తకం రాసుకునే అలవాటు పరీక్షలకే కాదు, హక్కుల రక్షణకు కూడా అవసరం.

8. యంత్రం వచ్చింది, చేతి సంగతి ఏమిటి?

ఇప్పుడు అసలైన ప్రశ్న. తొమ్మిదిమంది పని ఒక యంత్రం చేస్తే, ఆ తొమ్మిదిమంది ఏమయ్యారు? అర్థశాస్త్రం చదివేవారు ఒక సమాధానం చెబుతారు: కవరు చవక అయింది, వాడకం పెరిగింది, యంత్రాల దగ్గర, అచ్చు పనిలో, తపాలా శాఖలో కొత్త కొలువులు వచ్చాయి. ఇది నిజమే. కాని ఇది సంఘానికి చెప్పే సమాధానం. మనిషికి చెప్పే సమాధానం కాదు. మడత బద్ద పట్టిన చేతికీ, కామ్ చక్రాన్ని బిగించే చేతికీ మధ్య ఒక చదువు ఉంది. ఆ చదువు అందినవారు ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డుకు దాటారు. అందనివారు నీటిలోనే మిగిలారు. యంత్రాన్ని తిట్టినందువలన గాని, పొగిడినందువలన గాని ఈ అంతరం పూడదు.

ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. హైదరాబాదులో చార్మినారుకు సమీపాన ఉన్న ఛత్తా బజారు ఉర్దూ లిపికారులకు, పెళ్ళి పత్రికల ముద్రణకు పేరు పొందిన వీధి. పెళ్ళి పత్రిక అంటే దానికొక లిఫాఫా ఉండాలి. పండుగనాడు పిల్లలకిచ్చే ఈదీకి లిఫాఫా. పెళ్ళిలో చదివింపులకు రూపాయి బిళ్ళ అంటించిన లిఫాఫా. మందుల దుకాణంలో మాత్రలకు చిన్న కవరు. వీటిలో ఎన్నో ఇళ్ళలో కూర్చుని, గంజి జిగురు పక్కన పెట్టుకుని, వేల లెక్కన కూలికి మడిచే స్త్రీల చేతుల మీదుగానే వస్తాయి. వారు చేసేది యంత్రం చేయలేక కాదు. వారి కూలి యంత్రం ఖరీదు కంటె తక్కువ కనుక. ఈ మాట కటువుగా ఉన్నా నిజం. చేతి పని నిలిచి ఉండటం ఎప్పుడూ చేతికి గౌరవం కాదు; ఒక్కొక్కసారి అది చేతికి జరుగుతున్న అన్యాయం కూడా.

మరొక మార్పు కూడా మన కళ్ళ ముందే జరుగుతున్నది. ఉత్తరాలు తగ్గిపోయాయి. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ముగిసింది. 2025లో రిజిస్టరు పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అయినా కాగితం మడత మాత్రం ముగియలేదు. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను దేశమంతటా నిషేధించారు. పలుచని ప్లాస్టిక్ సంచుల మీద కూడా ఆంక్షలు పెరిగాయి. ఆ మేరకు కాగితపు సంచికి, కాగితపు పెట్టెకు మళ్ళీ పని దొరికింది. 1840లో వలెనే ఇప్పుడు కూడా చట్టంలోని వాక్యం మారింది; అవసరం పుట్టింది. ఆ అవసరానికి తగిన చిన్న యంత్రాన్ని, ఒక ఇంటి వరండాలో పట్టేదానిని, నలుగురు స్త్రీలు కలిసి కొనుక్కోగలిగేదానిని, ఎవరు నిర్మిస్తారన్నదే ప్రశ్న.

9. ముగింపు

విద్యార్థి మిత్రులారా! ఈ కథలో పాల్గొన్నవారిని ఒకసారి వరుసగా తలచుకోండి. ఒకడు తపాలా లెక్కలు సరిచూసిన సంస్కర్త, ఒకడు అధికారి, ఒకడు ఆకాశాన్ని చూసే శాస్త్రవేత్త, ఒకడు వైద్యుడు, ఒకామె మిల్లు కూలి. వీరందరూ పుట్టుకతో యంత్ర నిర్మాతలు కారు. తమ ఎదుట జరుగుతున్న ఒక చిన్న పనిని, ఇది ఇట్లాగే ఎందుకు జరగాలి అని ప్రశ్నించుకున్నవారు. అటువంటి ప్రశ్నకు పట్టా అవసరం లేదు. కళ్ళు తెరిచి చూడటం అవసరం.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన విజ్ఞానశాస్త్ర విభాగంలోని పరికరాల పక్కన ఒక చిన్న పనిశాల, నాలుగు పనిముట్లు, ఒక పాత కుట్టుమిషను, ఒక పాత అచ్చు యంత్రం ఉంచి, పిల్లల చేత వాటిని విప్పించి బిగింపిస్తే ఎంతో మేలు. కామ్ అంటే ఏమిటో నల్లబల్ల మీద గీసి చెప్పడానికి ఒక గంట పడుతుంది. పాత కుట్టుమిషను మూత తీసి చూపితే ఒక నిమిషం చాలు. ఈ విద్యార్థులలో చాలామంది ఇళ్ళలో తల్లులో అక్కలో ఏదో ఒక చేతి పని చేస్తూనే ఉన్నారు. ఆ పనిని క్త్వార్థకాలుగా విడదీసి చూడగల కన్ను పిల్లలకు మనం ఇస్తే, సమాపక క్రియను వారే రాసుకుంటారు.